దురాయిని ఇంగ్లీషులో ఏమంటారు?

ఎలిశబెతు టీచరుకు కోపం ఎక్కువని బిట్రగుంట రైల్వే కాలనీలో అందరికీ తెలుసు. ఎందుకంత కోపమని మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నెత్తిన వెంట్రుక నెరిసేదాకా ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పించుకుని, చివరికి ఒక వేసవిలో 'మీకు బీఎడ్ లేదు' అని పంపించేశారు. చేర్చుకున్నప్పుడు కనబడని లోటు పంపించేటప్పుడే వాళ్ల కళ్లబడింది. అప్పటినుంచి ఆమె రోజూ ఆటో ఎక్కి జువ్వలదిన్నె వస్తుంది. అక్కడొక శిక్షణ కేంద్రంలో, చేపల వేట మీద బతికే ఇళ్ల ఆడపిల్లలకు ఇంగ్లీషు నేర్పుతుంది.

కేంద్రం వాళ్లు ఇచ్చిన గైడులో 'టేక్' అనే ఒక్క క్రియకే నాలుగు పేజీలున్నాయి. ఎడమ పక్క ఇంగ్లీషు నుడికారం, కుడి పక్క దానికి తెలుగు. ఆ తెలుగు చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది. 'టేక్ టు టాస్క్' అంటే 'కార్యమునకు గొనిపోవుట' అట. 'టేక్ టు వన్స్ హీల్స్' అంటే 'మడమలను గ్రహించుట' అట.

"ఎవడమ్మే ఈ మడమలు గ్రహించినోడు? వాడు నాకు దొరకాల!" అని గైడును బల్ల మీద కొట్టేది. "మీరు చెప్పండి. పోలీసులొస్తే నాటుసారా అమ్మేవాడు ఏం చేస్తాడు?"

"కాలికి బుద్ధి చెప్తాడు మేడమ్!"

"అదీ, టేక్ టు వన్స్ హీల్స్. మరి తాగొచ్చిన మొగుణ్ణి మీయమ్మ ఏం చేస్తుంది?"

"నిలేసి కడిగేస్తాది!"

"అది టేక్ టు టాస్క్. రాసుకోండి. కార్యమూ లేదు, గొనిపోవుటా లేదు."

'టేక్ ఫర్ గ్రాంటెడ్' దగ్గర మాత్రం ఆమే ఆగిపోయింది. లోకువ కట్టడం అంటే సగమే వచ్చింది. అలుసుగా చూడడం అన్నా సరిపోలేదు. వెనక బెంచీలోంచి ఉష లేచింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న పిల్ల.

"మా నాయన గంప దించంగానే బేరగాడు రేటు అడగడు మేడమ్. వాడే చెప్పి, వాడే కాటా ఎత్తేసుకుంటాడు. మా నాయన ఒప్పుకున్నాడా లేదా అని మొహం గూడా చూడడు. అదేనా?"

"అదే తల్లీ," అంది ఎలిశబెతు. ఒక్క మాటలో రానిది ఆ పిల్ల మొత్తంగా చెప్పేసింది.

ఉష మీద ఆమెకు ఆశ ఉండేది. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ఒకటి, ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని సరుకు వివరాలు ఎక్కించే పనికి మనుషుల్ని తీసుకుంటోంది. అది దొరక్కపోతే ఉషకు మిగిలేది రొయ్యల తలలు తీసే షెడ్డు. వాళ్లమ్మ అక్కడే పనిచేస్తోంది. ఐసులో నానీ నానీ ఆమె గోళ్లు ఊడిపోయాయి. "ఆ చేతులు నాకొద్దు మేడమ్," అని ఉష ఒకసారి అంది. ఎలిశబెతు మరిచిపోలేదు. వివరాలు ఎక్కించే పనికి ఇంగ్లీషు నుడికారాల పరీక్ష ఎందుకో ఆ దేవుడికే ఎరుక. కంపెనీ పెట్టింది, పిల్లలు రాయాలి.

పరీక్ష రోజు తెల్లారి ఆమె ఆటో మాట్లాడుకుని ఊళ్లోకి వచ్చింది. పరీక్షకు రావలసిన నలుగురు పిల్లలూ ఇసకలో కూర్చుని ఉన్నారు. ఎవరూ జడ వేసుకోలేదు. రేవులో ఒక్క పడవ లేదు.

"పోలేరయ్య మామ వల లాగతా లాగతా పడిపోయినాడు మేడమ్. నిన్న సాయంత్రం. ఇంకా దొరకలా," అంది ఉష. "దురాయి వేసినారు."

దురాయి అంటే ఊరి కట్టుబాటు. పెద్దలు కూర్చుని ఒక మాట వేస్తే అది ఊరంతటికీ వర్తిస్తుంది. ఆ ఊళ్లో, సముద్రంలో పోయిన మనిషి దొరికేదాకా ఒక్కరు కూడా సంపాదనకు పొలిమేర దాటరు. పడవలన్నీ వెతకడానికే పోతాయి. ఎలిశబెతుకు దాని గురించి వినడమే తప్ప ఎదురుపడడం ఇదే మొదటిసారి.

ఆమె నేరుగా కాపు అని పిలిచే ఊరి పెద్ద చెంగయ్య దగ్గరకు పోయింది.

"చెంగయ్య గారూ, పిల్లలు పనికి పోవడం లేదు. పరీక్షకు పోతున్నారు. పూటలో వచ్చేస్తారు."

"పరీక్ష దేనికమ్మా? జీతమొచ్చే పనికేగా."

"వాళ్ల బతుకండీ అది!"

"నీళ్లలో ఉండేవాడిది మాత్రం బతుకు గాదా టీచరమ్మా? ఇయ్యాల నీ పిల్లలు పోతే, రేపు నేనే పడితే ఎవడు ఎతకతాడు?"

ఆమెకు చెంగయ్య మీద కోపం వచ్చింది. ఆ కోపాన్ని నిలబెట్టుకోవడానికి వాదన దొరక్క ఇంకా ఎక్కువ వచ్చింది. ఇసకలోనే నిలబడి కంపెనీకి ఫోన్ చేసింది. ఉద్యోగాల విభాగంలో షారన్ అనే అమ్మాయి ఎత్తింది. మొదటి మాట నుంచీ ఇంగ్లీషే. అభ్యర్థులు ఎందుకు రాలేదు, కారణం ఏమిటి అని అడిగింది.

ఎలిశబెతు నోరు తెరిచింది. దురాయిని ఇంగ్లీషులో ఏమంటారు? కస్టమ్ అందామంటే అదేదో పండగలా ఉంది. ఆర్డర్ అందామంటే కోర్టు గుర్తొస్తోంది. జీవితమంతా ఇంగ్లీషు మాటల్ని తెలుగులోకి మోసుకొచ్చిన మనిషి, ఒక్క తెలుగు మాటను అటు దాటించలేక తడబడింది. కంగారులో, "సమ్మెలాంటిది, ఊరంతా చేస్తున్న సమ్మె," అని ఇంగ్లీషులో అనేసింది.

అవతల గొంతు మారిపోయింది. సమ్మెలు చేసేవాళ్లను తమ కంపెనీ తీసుకోదని చెప్పి పెట్టేసింది.

"ఏం చెప్పినావమ్మా?" అన్నాడు చెంగయ్య.

ఆమె చెప్పింది. దాచలేదు.

"సమ్మెంటివా!" అని ఆయన తల పట్టుకున్నాడు. "సమ్మె ఎవడి మీదన్నా చేస్తారు గదమ్మా. ఇది ఎవడి మీద? సముద్రం మీదనా?"

పోలేరయ్య ఆ మధ్యాహ్నమే ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. దహనం కాగానే దురాయి ఎత్తేశారు. పరీక్ష మాత్రం అయిపోయింది. ఆ వారంలోనే ఉష తప్ప మిగతా ముగ్గురు పిల్లలూ షెడ్డుకు పోవడం మొదలుపెట్టారు. ఎలిశబెతు ఫోన్లు చేస్తూనే ఉంది, షారన్ ఎత్తడం మానేసింది. తన నోటితో అంటించిన మచ్చ తనే కడగాలి. ఒకరోజు పొద్దున, రెండో విడత పరీక్ష ఆ పూటేనని తెలియగానే, ఇంకా షెడ్డుకు పోని ఉషను వెంటబెట్టుకుని కావలి దగ్గరున్న ఆ కంపెనీ ఆఫీసుకే పోయింది.

షారన్ చిన్నపిల్లే. అద్దాల గదిలో కంప్యూటర్ వెనక కూర్చుని ఉంది. పోయినసారి ఎందుకు రాలేదో కారణం ఎక్కిస్తే తప్ప సిస్టమ్ మళ్లీ లోపలికి పంపనివ్వదని ఇంగ్లీషులో చెప్పింది. ఉన్న కారణాలు చదివింది. జబ్బు, బస్సు దొరకకపోవడం, కుటుంబంలో చావు.

"జొరమని చెప్పు," అని ఎలిశబెతు ఉష చెవిలో గొణిగింది.

"జొరం ఎందుకొచ్చుద్ది మేడమ్? చావు అని ఉంది గదా. అదే చెప్తా." ఉష షారన్ వైపు తిరిగింది. "డెత్."

చనిపోయింది ఎవరని అడిగింది షారన్.

"మామ."

సొంత మామయ్యేనా, అని మళ్లీ ఇంగ్లీషులో ప్రశ్న. ఎలిశబెతు ఉష చెయ్యి నొక్కింది. అవునంటే అయిపోతుంది. ఊళ్లో అందరికీ అందరూ ఏదో ఒక వరసే. అబద్ధం కూడా కాదు.

"సొంతం గాదు. మా ఊరాయన," అంది ఉష. "మా ఇంటి ఎనకాల ఇల్లు."

అయితే కుటుంబం కిందికి రాదని షారన్ తల అడ్డంగా ఊపింది.

ఎలిశబెతు కుర్చీలోంచి లేచింది. "నీది ఏ ఊరమ్మాయ్?"

షారన్ కళ్లు కంప్యూటర్ మీదకు తిప్పుకుంది.

"నీకు తెలుగు రాదా? ఇందాక టీ తెచ్చినామెను 'చక్కెర తక్కువెయ్యి' అన్నావే, నేను విన్లేదనుకున్నావా? సమ్మె అన్నది నేను. తప్పు నాది. ఈ పిల్లది గాదు. మనిషి నీళ్లలో పడితే ఊరంతా పని మానేసి వెతుకుతారు. దానికి నాకు ఇంగ్లీషు రాలేదు. నీకొచ్చా? వస్తే చెప్పు, నేర్చుకుంటా."

షారన్ తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది. "నేనేం చేసేది ఆంటీ. సిస్టమ్ ఒప్పుకోదు."

అచ్చం నెల్లూరు యాస.

"సిస్టమ్‌ను నేనడగలా. నిన్నడుగుతా ఉండా."

షారన్ ఇంకోసారి తలుపు వైపు చూసి 'కుటుంబంలో చావు' అన్న చోట నొక్కింది. "పో అమ్మాయ్, మొదలైపోయింది. లోపలికి పో," అంది ఉషతో. ఆపైన ఎలిశబెతు వైపు తిరిగి, "ఈమె ఒక్కటే ఆంటీ. మిగతావాళ్లు రాలేదు గదా, వాళ్లకి ఇంక కుదరదు," అంది.

ఉష లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. అక్కడ ఇంగ్లీషు నుడికారాలు ఎదురుచూస్తున్నాయి. అవి ఆ పిల్లకు కంఠస్థమే. ఎలిశబెతుకు సంతోషం రావాలి. రాలేదు. నలుగురిలో ఒక్కర్ని లోపలికి పంపడానికి ఇంత అరవాలా?

"పరీక్ష ఎంతసేపమ్మా?" అని అడిగింది.

"ఇంకో గంట. ఆ లోపల మిగతావాళ్లు వస్తే చూస్తా. కానీ నేను చెప్పానని ఎవరికీ..."

ఎలిశబెతు చివరిదాకా వినలేదు. బయటికి వచ్చి ఫోన్ తీసింది. షెడ్డుకు పోతున్న ముగ్గురిలో రోజారమణి ఒకతె. ఆ పిల్లకు చేస్తే వాళ్లమ్మ ఎత్తింది.

"దాని చేతులు ఐసులో ఉండాయి టీచరమ్మా, ఫోను పట్టుకోలేదు. ఏంది సంగతి?"

"చేతులు తుడుచుకోమను," అంది ఎలిశబెతు, ఆటో కోసం రోడ్డు మీదకు నడుస్తూ. "మిగతా ఇద్దర్నీ పిలవమను. షెడ్డు గేటు దగ్గర నిలబడమను. నేనొస్తా ఉండా."