అంగడింట్లో చిట్టెలుకలు

మొన్న ఎండాకాలంలో మా అన్నయ్య కూతురికి తోడుగా కడపలో ఒక ఆసుపత్రికి పోవలసి వచ్చింది. మా మేనకోడలికన్నా చిన్నదానిలా ఉన్న డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, లోపల అండాల నిల్వ వయసుకు తగినంత లేదని, ఆలస్యం చేయకుండా వైద్యం మొదలుపెట్టుకుంటే మంచిదని, ఇంట్లో ధనియాలు అయిపోవచ్చాయి తెప్పించుకోండి అన్నంత మామూలుగా చెప్పి, తెర మీద అండాశయం బొమ్మ చూపించింది. బూడిదరంగు మసకలో నాలుగైదు నల్లటి చుక్కలు. ఆ పిల్ల ఏవేవో ప్రశ్నలు అడుగుతూ ఉంది, డాక్టరమ్మ జవాబులు చెబుతూ ఉంది, నేను మాత్రం ఆ చుక్కలనే చూస్తూ చూస్తూ ఎక్కడికో వెళ్ళిపోయాను. మైదుకూరులో మా అత్తగారింటి సరుకు గది, బెల్లం వాసన, కాళ్ళకింద చల్లటి బండలు, మూలన గడ్డి పరుచుకుని పడుకున్న చిట్టెలుకలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు కళ్ళముందుకు వచ్చాయి. నవ్వకండి, మన ఈడువాళ్ళకు ఇట్లాంటివి జరుగుతూనే ఉంటాయి కదా.

అవి రెండువేల దశకం నడిమి ఏళ్ళు. ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పుకుంటూ హాయిగా ఉన్నదాన్ని, ముప్పై దాటాక నాకేం బుద్ధి పుట్టిందో ఏమో, సెలవు పెట్టి కడపలో పరిశోధనకు చేరాను. రోజూ మైదుకూరు నుంచి బస్సులో పోయి రావడం, నా కూతుర్ని మా అత్తగారు చూసుకోవడం. మా గురువుగారు ఎక్కడో పెద్ద నగరంలోని ప్రయోగశాలవాళ్ళను బతిమాలి బామాలి రైల్లో తెప్పించిన చిట్టెలుకలు మా పరిశోధనకు ఆధారం. తెల్లవి కావు, నల్లగా నిగనిగలాడేవి. పుట్టుకతోనే వాటిలో ఒక జన్యువు లేదు.

ఆ జన్యువు చేసే పని ఏమిటో నాకు పుస్తకాలకన్నా మా పుట్టింటివాళ్ళ విత్తనాల అంగడే బాగా అర్థం చేయించింది. మాది ఆలూరు వైపు. అక్కడ మెట్టచేను రైతు మొదటి వాన పదునుకు ఉన్న విత్తనమంతా చల్లుకోడు. ఆ తరువాత వాన మొహం చాటేస్తే ఏడాదంతా ఏం కావాలి? కొంత చల్లి కొంత గాదెలో దాచుకుంటాడు. ఆడప్రాణి కడుపులోనూ అంతే. పుట్టినప్పుడే జీవితానికంతా సరిపడా అండాలు ఉంటాయి, చాలామటుకు నిద్రపోతుంటాయి, కొన్ని కొన్నే లేచి ఎదుగుతాయి. ఆ నిద్రను కాచే జన్యువు లేకపోతే అన్నీ ఒకేసారి లేచిపోతాయి. మా ఎలుకలు పడుచుదనంలో ఒక ఈతో రెండు ఈతలో ఈని, ఆ తరువాత నడివయసు రాకముందే గొడ్డుపోయేవి. వాటి అండాశయాలను పొరలుపొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో చూడడం నా పని. గులాబీ, ఊదా రంగుల్లో ఆ పొరలు ఎంత అందంగా ఉండేవో! మధ్యాహ్నాలు ఆ అద్దంలో కన్నుపెట్టి కూర్చుంటే లోకంలో ఎండ ఉందన్న సంగతే మరిచిపోయేదాన్ని.

అంతా బాగానే ఉంది గానీ, ఎలుకలతో బతికే కోడలు ఎవరింటికి వచ్చింది? ధాన్యం, పప్పులు, బెల్లం అమ్ముకునే అంగడింటికి. ఎలుక అంటే మా అత్తగారికి ఒళ్ళు మంట. అలాగని చంపరు, అది మా ఇంటి ఆచారం. సరుకు గదిలో ఇనుప తీగల బోను ఉండేది. అందులో పడ్డదాన్ని మా మామగారు ప్రతి ఉదయం అంగడి తలుపులు తీయకముందే ఊరవతల వంకదాకా, అంటే చిన్నవాగుదాకా మోసుకుపోయి, వదిలిపెట్టి, బోను తెచ్చి కడిగి ఎండలో బోర్లించేవారు. ఆ ఎలుకలే మళ్ళీ మా ఇంటికి వస్తున్నాయేమోనని మావారు ఎన్నిసార్లు ఎగతాళి చేసినా ఆయన వినలేదు.

ఒక వేసవిలో మా జంతుగృహంలో చల్లదనమిచ్చే యంత్రం చెడిపోయింది. బాగుచేయించే కాగితం ఎక్కడో బల్లల మీద తిరుగుతూ ఉంది, కరెంటు సంగతి సరేసరి, కడప ఎండ మీకు నేను చెప్పాలా. ఎలుకలు ఒకదాని తరువాత ఒకటి చచ్చిపోగా మిగిలినవి ఒక మగది, రెండు ఆడవి. ఆ రెంటిలోనూ ఆ జన్యువు లేదు, అవి ఈనగలిగే గడువు గట్టిగా కొన్ని వారాలే. ఈలోగా పిల్లలు పుట్టకపోతే మా ఎలుకల వంశం అక్కడితో సరి, నా పరిశోధన సగంలో సరి. ఇంకో జత పంపే ఓపిక ఆ నగరంవాళ్ళకు లేదని అప్పటికే చెప్పేశారు. మా ఇంటిది మట్టిమిద్దె, మూరెడు మందం గోడలు, కింద నాపబండలు, నడివేసవిలోనూ సరుకు గది చల్లగా ఉంటుంది. ఎలుకలను అక్కడికి తీసుకుపోతానని గురువుగారితో అంటే ఆయన సరేనని తల ఊపారు. ఈ రోజుల్లో ఏ కమిటీ అయినా ఒప్పుకుంటుందా!

తడిగుడ్డ కప్పిన తీగల పంజరాలను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కితే, పక్కనున్న ముసలమ్మ కోడిపిల్లలా అని అడిగింది. ఎలుకలమ్మా అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందకు చూసి, లేచి వేరే సీటుకు పోయింది.

మా అత్తగారు అంతకన్నా ఎక్కువే చేశారు. "ఊరంతా ఎలకల్ని బయటికి తోలుతాంటే నువ్వు బస్సుచార్జీ పెట్టి ఇంట్లోకి తెస్తాండావా?" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. నేను మొత్తం చెప్పుకొచ్చాను, జన్యువు సంగతి, విత్తనాల సంగతి, వీటికి చిన్నవయసులోనే ఈత ఆగిపోతుందన్న సంగతి. ఆ చివరి మాట దగ్గర ఆమె చెయ్యి నడుం మీదనుంచి జారింది. "అంత పసిప్రాయంలోనే నిలిచిపోతాదా?" అని మాత్రం అడిగి, లోపలికి పోయి బెల్లం బస్తాలు జరిపించి, మూలన చోటు చేసి ఇచ్చారు.

ఆ తరువాతి రోజులు నాకు ఒక కలలాగా గుర్తున్నాయి. మధ్యాహ్నాలు అంగడి తలుపులు సగం మూసి, మామగారు కునుకు తీస్తుంటే, సరుకు గదిలో గవాక్షంలోంచి ఒక్క వెలుగు పట్టీ బండల మీద పడి మెల్లగా జరుగుతుండేది, ఎలుకలు గడ్డిలో కదిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. మా అత్తగారు నాకు చెప్పకుండానే పంజరాల మీది గుడ్డ తడపడం, చెనక్కాయ గింజలు నలిపి వేయడం మొదలుపెట్టారు. రెంటిలో ఒకదానికి పొట్ట కనబడసాగింది. మొదట చూసింది ఆమే. "అమ్మాయీ, ఇది కడుపుతో ఉండాది!" అని వంటింట్లో ఉన్న నన్ను పిలిచిన పిలుపు, సొంత కూతురి సంగతి చెబుతున్నట్టే ఉంది. నేను బండల మీదే చతికిలబడి ఏడ్చేశాను, సంతోషంతోనే లెండి.

ఇక ఈనడమే తరువాయి అన్న రోజుల్లో ఒక ఉదయం నేను సరుకు గదిలోకి పోయేసరికి కడుపుతో ఉన్నదాని పంజరం లేదు. పెరట్లో, శుభ్రంగా కడిగి, ఎండలో బోర్లించి ఉంది.

మా మామగారు మంచిపని చేసినవారి నిండుతనంతో వరండాలో కూర్చుని ఉన్నారు. "బోను ఎవురు తెచ్చినారో గానీ శానా బాగుండాది అమ్మాయీ, నీళ్ళసీసా గూడా పెట్టినారు. ఎలక మాత్రం బయటికి రానంటాదే! అడుగున తట్టి తట్టి పంపిస్తి" అన్నారు. పాపం ఆయనను ఏమని అనగలం? పరిశోధన ఎలుకలంటే తెల్లగా ఉంటాయని పేపర్లో బొమ్మ చూసి ఉన్నారు; ఎప్పుడూ గుడ్డ కింద ఉండే పంజరం ఆ ఉదయం దాని గుడ్డ ఉతకడానికి తీసినందువల్ల పైన ఏమీ లేకుండా ఉంది; తీగల వెనక నల్లటి ఎలుక. చూపు మందగించిన మనిషి, ఏళ్ళ తరబడి అలవాటు. మా అత్తగారే "ఏమయ్యా, ఎంత పని చేస్తివి! అది కడుపుతో ఉండాది గదయ్యా!" అని గట్టిగా అరిచి, చెప్పులు కూడా వేసుకోకుండా గుప్పెట్లో చెనక్కాయ గింజలు పట్టుకుని నాకన్నా ముందు వంకవైపు నడిచారు.

నీళ్ళు లేని వంక, జిల్లేడు పొదలు, కంపచెట్లు. పంజరంలో పుట్టి పంజరంలో పెరిగిన ప్రాణికి పరుగెత్తడం కూడా తెలియదు కదా, దగ్గరలోనే ఉంటుందని ఒకటే ఆశ. ఎండ నడినెత్తికి వచ్చేదాకా మేమిద్దరం వంగి వంగి రాళ్ళ సందులు చూశాం. మామగారు గట్టు మీద నిలబడి, దానికి వినపడుతుందేమో అన్నట్టు నాలుకతో చప్పుడు చేస్తూ పిలిచారు. దొరకలేదు. ఆ పూట నాకు ఎవరిమీదా కోపం రాలేదు, కోపం కూడా రానంత ఖాళీ అయిపోయాను.

మిగిలిన ఆడఎలుక గడువు కూడా దాటిపోయింది. మగదానితో ఉంచినా పొట్ట రాలేదు. చివరికి దాన్ని కడపకు తీసుకుపోయి, దాని అండాశయాన్ని పొరలుగా కోసి చూడడమే మిగిలింది. ఆ సంగతి విని మా అత్తగారు, పొరలు చూసేనాడు నేను గూడా వస్తానన్నారు. అంగడి వదిలి ఎప్పుడూ కదలని మనిషి, నిమ్మపండురంగు నేతచీర కట్టుకుని నాతో బస్సెక్కారు.

మొదట ఆమెకు మామూలు ఎలుక అండాశయం చూపించాను. గుండ్రం గుండ్రంగా అండాలు, చిన్నవి, పెద్దవి, అంచుల్లో కిక్కిరిసి నిద్రపోతున్నవి. తరువాత మన ఎలుకది పెట్టాను. అక్కడ ఏమీ లేదు, లేతగులాబీ రంగు బయలు తప్ప.

"ఇది తినకూడంది ఏమన్నా తినిందా?" అని అద్దం మీదనుంచి కన్ను తీయకుండానే అడిగారు మా అత్తగారు.

లేదత్తా, అన్నిటికీ పెట్టిన మేతే, పుట్టడమే అట్లా పుట్టింది అన్నాను. అప్పుడు చెప్పారు, నా పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎన్నడూ చెప్పని మాట. మావారు పుట్టిన కొన్నాళ్ళకే, ఇంకా ముప్పై రాకముందే ఆమెకు ముట్లు నిలిచిపోయాయట. పచ్చిబాలింతగా ఉన్నప్పుడు దాహానికి ఓర్చుకోలేక ఒక దోసపండు ముక్క తిన్నందుకు కడుపు చల్లబడిపోయిందని ఆమె అత్తగారు తేల్చారట. వంశాన్ని నోటికి అమ్ముకున్నావని, ఆ పెద్దావిడ పోయేదాకా, వచ్చినవాళ్ళ ముందల్లా దెప్పేదట. ఎన్ని వేసవులు వచ్చిపోయినా ఆమె మళ్ళీ దోసపండు ముట్టలేదు. మా ఇంట్లోకి ఆ పండు ఎందుకు రాదో నాకు అప్పుడు తెలిసింది.

"అయితే నా కడుపులో గూడా మొదటి పదునుకే గింజంతా ఇత్తేసినట్లుండాది" అన్నారు. మనుషుల్లో ఎవరికి ఏ కారణమో పరీక్ష చేయకుండా చెప్పలేనత్తా, కానీ దోసపండు వల్ల మాత్రం కాదు, అది రాసిస్తాను అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, ఆ అద్దాన్ని ఒకసారి తాకి, "మా అత్త బతికుంటే చూపిచ్చేదాన్ని" అన్నారు.

బస్టాండులో గంపనిండా దోసపండ్లు పెట్టుకున్న ఆమె దగ్గర ఆగి, తానే ఒకటి ఏరి కోయించుకున్నారు. సిమెంటు బెంచీ మీద కూర్చుని, రసం మణికట్టు మీదుగా కారుతుంటే కొంగుతో కూడా తుడుచుకోకుండా, మైదుకూరు బస్సు వచ్చి వెళ్ళిపోతున్నా చూడకుండా, ముక్క తరువాత ముక్క నిదానంగా తిన్నారు. అంతా అయ్యాక "తియ్యగుండాదిలే అమ్మాయీ, అంతే" అన్నారు.

నా సిద్ధాంతగ్రంథం అనుకున్నదానిలో సగమే అయింది, పట్టా మాత్రం ఇచ్చారు. ఆ ఎలుకల సంతతి లోకంలో వేరే ప్రయోగశాలల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. మట్టిమిద్దె పోయి మేడ వచ్చింది, అంగడి మూతబడింది, మామగారూ అత్తగారూ ఇద్దరూ లేరు. మేము ప్రాణులను కోసి, రంగులద్ది, రోజుల తరబడి కళ్ళు కాయలు కాచేలా వెతుక్కున్నది ఇప్పుడు రెండు చుక్కల రక్తంతో తేలిపోతోంది, సాయంత్రానికి ఫోనులో అంకె వచ్చేస్తోంది. మంచిదే, ఎంత మంచిదో చెప్పలేను. కానీ దోసపండ్ల కాలం వచ్చినప్పుడల్లా, ఆ అంకె వేసిన కాగితం ముక్క ఒకటి మా అత్తగారికి ఆ వయసులోనే ఎవరైనా ఇచ్చి ఉంటే, ఆమె ఇంకా ఎన్ని పండ్లు తిని ఉండేవారో కదా అనుకుంటూ ఉంటాను.