దొర గళ్ళబట్టకి తాతయ్య వేసిన కుట్టు

నా చిన్నప్పుడు, విశాఖ వన్ టౌన్‌లో మా సందు సందంతా ఒక మనిషి బట్టలు చూసి పగలబడి నవ్విన రోజు ఒకటుంది. ఆ నవ్వినవాళ్ళలో అందరికంటే ముందున్నది నేనే. మా తాతయ్యకి తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పినా నన్ను కోప్పడేంత పెద్దవాళ్ళు ఎవరూ మిగల్లేదు కనుక ధైర్యంగా చెబుతున్నాను.

తాతయ్య దర్జీ. సందు మొదట్లో, హోల్‌సేల్ బట్టల కొట్ల మధ్య ఇరుక్కున్న చిన్న గది ఆయన కొట్టు. అక్కడ లుంగీ కొన్న ప్రతివాడూ నేరుగా తాతయ్య దగ్గరికి వచ్చేవాడు. కొత్త లుంగీకి రెండు కొసలూ విడిగా ఉంటాయి కదా, వాటిని కలిపి కుట్టిస్తే తప్ప మా వైపు మగవాళ్ళు కట్టరు. ఆ ఒక్క కుట్టూ తాతయ్య అందరికీ ఊరికే వేసి ఇచ్చేవాడు. నిద్రలో లేపి గుడ్డ చేతికిచ్చినా కొసలు కలిపేస్తాడని మా నాయనమ్మ దెప్పుతూ ఉండేది. నాకప్పుడు పదేళ్ళు. సందులో పిల్లలందరికీ నేనే నాయకురాలిని, నా నోటికి పెద్దవాళ్ళు కూడా కాస్త జంకేవారు.

ఆ రోజు ఒంటిపూట బడి. ఇంటికి వస్తుంటే, రేవు వైపు నుంచి ఒక తెల్లదొర నడిచి వస్తూ కనిపించాడు. పక్కన మా సందులోనే ఉండే షిప్పింగ్ ఆఫీసు గుమాస్తా ఉన్నాడు. దొరలు మాకు కొత్త కాదు, ఓడలు వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉంటాం. కానీ ఈ దొర నడుముకి మోకాళ్ళదాకా ఎర్రగళ్ళ, పచ్చగళ్ళ గౌను ఉంది. వెనక అంతా కుచ్చిళ్ళు. ముందు ఒక తోలు సంచీ వేలాడుతోంది. కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు. మా విశాఖపట్నం ఎండలో ఉన్ని మేజోళ్ళు.

ఇక నన్ను పట్టేదెవరు. పరికిణీ మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని, ఆయన వెనకే ఆయనలాగే ఊగుతూ నడిచాను. పిల్లలంతా నా వెనక చేరారు. కొట్లలోంచి పెద్దవాళ్ళు బయటికొచ్చి నవ్వారు. కిళ్ళీకొట్టు ఆయన ఈల కూడా వేశాడు. ఆ ఉత్సాహంలో మేం ముందుకి పరిగెత్తి దారికి అడ్డంగా నిలబడ్డాం.  దొర మమ్మల్ని తప్పించుకోవడానికి పక్కకి జరిగాడు. అక్కడ గోనె బేళ్ళతో తోపుడుబండి ఉంది. దాని మేకుకి గళ్ళబట్ట తగులుకుని జానెడు చిరిగింది.

మేమంతా చెల్లాచెదురయ్యాం. గుమాస్తా ఆయన్ని తాతయ్య కొట్టుకి తీసుకెళ్ళాడు. ఏం జరుగుతుందో చూడకుండా ఉండలేక, ఏమీ ఎరగనట్టు నేనూ వెళ్ళి మిషను పక్కన కూర్చున్నాను.

గుమాస్తా చెబుతుంటే విన్నాను. దొరది స్కాట్లాండ్, ఖనిజం ఎత్తుకుపోయే ఓడలో ఇంజనీరు. అదే ఓడలో పనిచేసే ఆయన స్నేహితుడు జబ్బుచేసి ఇక్కడి ఆసుపత్రిలో తెల్లవారుజామున చనిపోయాడు. ఇద్దరిదీ ఒకే ఊరు. ఆ గళ్ళబట్టని కిల్టు అంటారట, వాళ్ళ దేశంలో పెళ్ళికైనా చావుకైనా మగవాళ్ళు ఇదే కడతారట. ఇద్దరిలో ఎవరు ముందు పోతే వాళ్ళని రెండోవాడు ఈ బట్ట కట్టుకునే సాగనంపాలని ఎప్పుడో మాట ఇచ్చిపుచ్చుకున్నారట. నాలుగింటికి సమాధి. మర్నాడు పొద్దున్నే ఓడ వెళ్ళిపోతుంది.

తాతయ్య తన లుంగీ ఒకటి దొరకి ఇచ్చి, తెర వెనక కట్టుకోమన్నాడు. ముడి వేసుకోవడం ఆయనకి చేతకాకపోతే తనే వేశాడు. గుమాస్తా ఆఫీసు పని మీద వెళ్ళిపోయాడు. రెండు రాత్రులు ఆసుపత్రిలో మేలుకున్న మనిషేమో, దొర బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

తాతయ్య చిరుగుని దారం దారం కలిపి రఫూ చేశాడు. చిరిగిన చోటు నాకే కనిపించలేదు. తరవాత ఆ గుడ్డని ఒళ్ళో పరుచుకుని చాలాసేపు చూశాడు. ఏ కుచ్చి మడత పెట్టినా గడి మీద గడి సరిగ్గా కూర్చుంటోంది. ఎవరో మహానుభావుడు కుట్టాడని మెచ్చుకున్నాడు. అంత మెచ్చుకుంటూనే, పక్కన కొసలు రెండూ విడిగా ఉండటం చూశాడు. పాపం, పక్క కుట్టు మొత్తం ఊడిపోయినా చూసుకోలేదు కాబోలని జాలిపడ్డాడు. మిషను మీద పెట్టి, పైనుంచి కిందిదాకా, గట్టిగా జంట కుట్టు వేసేశాడు.

మూడున్నరకి దొర లేచి, బట్ట తీసుకుని తెర వెనక్కి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాడు. చివరికి లుంగీతోనే బయటికి వచ్చి, ఆ కుట్టు చూపించాడు. అప్పుడే గుమాస్తా కూడా వచ్చాడు.

"ఏటి సేసినావు మావా, అది తెరిసే ఉంటాది. నడుం సుట్టూ తిప్పుకుని బకిల్స్ పెట్టుకోవాల. ఇలా కుట్టేస్తే నడుం మీద నిలవదు, జారిపోతాది."

తాతయ్య మొహం పాలిపోయింది. అలా నేను ఎప్పుడూ చూడలేదు. బ్లేడు విరిచి సగం ముక్క నా చేతిలో పెట్టాడు.

"ఆ కొస నువ్వందుకో. నువ్వటు నుంచి ఇప్పు, నానిటు నుంచి ఇప్పుతాను. గుడ్డ తెగనీకు."

తాతయ్య కుట్టు విప్పడం అంత తేలిక కాదు. గుడ్డకి తగలకుండా ఒక్కొక్క పోగే తెంచుతూ పోయాను. ఇంతలో కొట్టు ముందు మళ్ళీ జనం చేరారు. ఈసారి దొర లుంగీ కట్టుకున్నాడని నవ్వుతున్నారు. నవ్వేవాళ్ళంతా లుంగీల్లోనే ఉన్నారు. దొర మాత్రం ముడి ఊడకుండా నడుం దగ్గర గుప్పిట బిగించి, గోడ గడియారం వంకా నా చేతుల వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన మొహం నేను సరిగ్గా చూసింది అప్పుడే. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.  సిగ్గుతో చచ్చిపోయాను.

కిళ్ళీకొట్టు ఆయన ఏదో వేళాకోళం ఆడాడు. తాతయ్య తల ఎత్తకుండానే, చెయ్యి ఆపకుండానే మాట్లాడాడు.

"మీ అయ్య పోయిన్నాడు, తడి పంచి కట్టుకుని, కుండ పట్టుకుని, ఒంటి మీద ఇంకో గుడ్డ లేకుండా నువ్వీ ఈదంట నడిసినావు. ఎవులైనా నవ్వినారేటి? ఈయన నేస్తం పోనాడు. ఆళ్ళకి ఇదే ఆ బట్ట."

కిళ్ళీకొట్టు ఆయన తండ్రి పోయి మూడు నెలలు కూడా కాలేదు. తరవాత ఎవరూ నవ్వలేదు. నా బ్లేడూ తాతయ్య బ్లేడూ మధ్యలో కలిసేసరికి నాలుగింటికి ఇంకా పది నిమిషాలు ఉంది.

దొర గళ్ళబట్ట కట్టుకుని బయటికొచ్చాడు. సమాధుల చోటు దగ్గరే, నడిచి వెళ్ళిపోవచ్చు. మా వైపు మగవాళ్ళు పనిలో ఉన్నంతసేపూ లుంగీని మోకాళ్ళ పైకి మడిచి కడతారు. పెద్దవాళ్ళు ఎదురైనా, శవం వెళ్తున్నా ఆ మడత కిందికి వదులుతారు. అదే మర్యాద. దొర మెట్టు దిగగానే, కిళ్ళీకొట్టు ఆయన పీట మీంచి లేచి నిలబడి తన మడత వదిలాడు. ఆయన్ని చూసి పక్క కొట్టువాడు వదిలాడు. దొర నడిచినంత మేరా, సందు చివరిదాకా, ఒక్కొక్కరే లేచి మడతలు దించారు. వాళ్ళు ఏం చేస్తున్నారో దొరకి తెలిసే వీలు లేదు. తల వంచుకుని, కుచ్చిళ్ళు ఊగుతుండగా, త్వరత్వరగా వెళ్ళిపోయాడు.

సాయంత్రం తాతయ్య మిషను మీద గుడ్డ కప్పుతుంటే ఏడుస్తూ చెప్పేశాను, అది చిరిగింది నా వల్లేనని.

"తెలుసమ్మా, గుమాస్తా సెప్పినాడు" అన్నాడు తాతయ్య. "నువ్వు సింపినావు, నాను కుట్టకూడని సోట కుట్టినాను. తప్పు ఇద్దరిదీను. అందుకే ఓ కొస నీకిచ్చినాను."

మొన్నీమధ్య, ఇప్పుడు నేనుండే మధురవాడ అపార్ట్‌మెంట్ లిఫ్టులో, ఒక కాలేజీ కుర్రాడు జేబుల మీద జేబులున్న నల్లటి కిల్టు వేసుకుని ఎక్కాడు. లోపలున్న ఆడపిల్లలు మూతులు మూసుకుని నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, అబద్ధమెందుకు. కానీ అలాంటప్పుడు ముందు ఒక మాట అడగడం నాకు ఆనాటి నుంచీ అలవాటైపోయింది. ఎక్కడికి నాయనా బయలుదేరావు అని అడిగాను. పని మీద కాదు మామ్మగారూ, ఊరికే, గాలాడతాదని, అన్నాడు. అయితే హాయిగా నవ్వుకోవచ్చని ఇద్దరం కలిసే నవ్వుకున్నాం. వేరే జవాబు ఏదైనా వచ్చి ఉంటే, ఆనాడు మా సందు మగవాళ్ళు చేసినట్టు మర్యాద చెయ్యడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.