బాపు పడుకున్న వేళ ఆడిన ఆట

మొన్న గోదావరిఖని మైదానంలో జరిగిన చదరంగ ఉత్సవానికి వెళ్ళాను. వెళ్ళాను అనడం కంటే, మా మనవరాలు చెయ్యి పట్టి లాక్కుపోతే వెళ్ళాను అనడం సరి. జ్యోతినగర్‌లో ఉండే మా అమ్మాయికి ఆఫీసు, అల్లుడికి డ్యూటీ, ఇక తీరికగా ఉన్నది నేనొక్కదాన్నే కదా. రిటైరైనవాళ్ళకు మోకాళ్ళు నొప్పి పెట్టవనీ, ఎండ తగలదనీ ఇంట్లోవాళ్ళకు ఎందుకో గట్టి నమ్మకం. మైదానం చుట్టూ పేరుమోసిన మన ఆడపిల్లల, చదరంగంలో లోకమంతా గెలిచి వచ్చినవాళ్ళ నిలువెత్తు ఫొటోలు పెట్టారు. ఏనుగులు, గుర్రాల వేషాలు కట్టిన బడిపిల్లలు నేలమీద గీసిన పెద్ద పెద్ద గడుల్లో నిలబడి చెమటలు కక్కుతున్నారు. డప్పులు, శాలువాలు, ఒకరి తరువాత ఒకరు ఉపన్యాసాలు. మాట్లాడిన ప్రతి పెద్దమనిషీ ఈ ఆటలో రాణిదే బలమని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. మా కాలంలో దాన్ని మంత్రి అనేవాళ్ళం. పోనీలెండి, ఆడపిల్లల పండుగలో రాణి అంటేనే బాగుంది. నాకు మాత్రం ఆ మైకుల హోరుకు తల దిమ్మెక్కింది. చదరంగానికి ఇంత చప్పుడు చేస్తారని నేనెన్నడూ అనుకోలేదు, ఎందుకంటే మా ఇంట్లో ఆ ఆట మొదలైందే చప్పుడు కాకూడదని.

బొగ్గుబాయి, అదే బొగ్గు గని, క్వార్టర్లలో పెరిగిన మన ఈడువాళ్ళకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. బాపుకు, అంటే మా నాన్నకు, రాత్రి షిఫ్టు పడిన వారం మా ఇంట్లో పగలే రాత్రి అయ్యేది. పొద్దున్నే ఆయన బాయి నుంచి వచ్చి, స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని మంచం ఎక్కాడంటే ఇక మా అమ్మ, అవ్వ అనేవాళ్ళం, గిన్నెలను కూడా పసిపిల్లల్ని పట్టుకున్నట్టు పట్టుకొని కడిగేది. ఉన్నవి రెండు గదులు, మధ్యలో తలుపు పేరుకే. గచ్చకాయలు ఆడితే టకటక, ఓమనగుంటలు ఆడితే గలగల. తొక్కుడుబిళ్ళకు బయటికి పోదామంటే పక్క క్వార్టర్‌లో ఇంకొకరి బాపు పడుకొని ఉండేవాడు. సెలవులు వస్తే నాకూ అక్కకూ అది ఇల్లులా ఉండేది కాదు, దవాఖానలా ఉండేది. మా అవస్థ చూసి చివరికి బాపే ఒకసారి పెద్దపల్లి బజారు నుంచి చదరంగం పెట్టె కొనుక్కొచ్చాడు. బాయి మీద తోటివాళ్ళతో ఆడి ఆయన నేర్చుకున్న ఆట అది. ఈ ఆటకు నోరు అక్కర్లేదని నవ్వుతూ చెప్పి, పాత కంబళి ముక్కలు కత్తిరించి ప్రతి పావుకూ అడుగున అంటించాడు.

అట్లా మేము గుసగుసల్లో కూడా కాదు, పూర్తిగా సైగలతోనే ఆడడం నేర్చుకున్నాం. చెక్ అనాలంటే అనకూడదు. ఎదుటివాళ్ళ రాజు పక్కన చూపుడువేలు ఆనించి మెల్లగా నొక్కాలి. ఓడిపోతే ఏడవకూడదు, గెలిస్తే ఎగరకూడదు. నాకు రెండూ చేతకాక చాలాసార్లు అవ్వ చేతిలో వీపు వాచింది. అందుకేనేమో తరువాత బడిపంతులమ్మనై ముప్పూటలా అరిచి ఆ బాకీ తీర్చుకున్నాను. అక్క అట్లా కాదు. ఆమెకు ఆ నిశ్శబ్దం ఒంటికి పట్టింది. గంటలకొద్దీ బోర్డు మీదికి వంగి కూర్చునేది, నన్ను ఓడించడం సరే, కొన్నాళ్ళకు బాపునే ఓడించడం మొదలుపెట్టింది. ఓడినప్పుడల్లా బాపు షిఫ్టుకు పోయి ఆ సంగతి గొప్పగా చెప్పుకొనేవాడు.

ఆ రోజుల్లో కార్మికుల ఇళ్ళలోని ఆడవాళ్ళకు ఏటేటా ఆటల పోటీలు పెట్టేవారు. ముగ్గులు, కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ, అంతే. ఒక ఏడు మా కాలనీ క్లబ్బులో ఎవరికి బుద్ధి పుట్టిందో చదరంగం కూడా చేర్చారు. గెలిచినవాళ్ళను కొత్తగూడెం పంపిస్తారు, అక్కడ అన్ని ఊళ్ళవాళ్ళతో ఆడవచ్చు. అక్కకు అప్పటికే చదువు మాన్పించారు, గోలేటి నుంచి సంబంధం వచ్చి ఉంది. పెళ్ళికి ఆమె ఎదురు చెప్పలేదు, ఆ లోపల ఒక్కసారి కొత్తగూడెం పోయి ఆడి వస్తే చాలునన్నది. ఇప్పటి పిల్లలకు ఇదొక కోరికా అనిపిస్తుంది. మా అక్క పుట్టి బుద్ధెరిగాక నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే. వెంట తీసుకుపోవడానికి బాపు సెలవు కూడా అడిగి పెట్టుకున్నాడు.

అక్క చివరి ఆట దాకా వచ్చింది. ఆ పొద్దు బాపు రాత్రి షిఫ్టు దిగి ఇంటికి రాకుండా నేరుగా క్లబ్బుకే వచ్చి, ఎర్రబడ్డ కళ్ళతో గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఎదుట కూర్చున్నది వేరే కాలనీ ఆమె. తీర్పు చెప్పే పెద్దమనిషి క్యారమ్స్ బాగా ఆడతాడు, ఆ పేరు మీదే చదరంగానికీ ఆయన్నే కూర్చోబెట్టారు. ఆట మంచి పట్టులో ఉండగా అక్క గుర్రాన్ని దూకించి ఎదుటి రాజుకు చెక్ పెట్టింది, ఇంట్లో అలవాటు కొద్దీ ఆ రాజు పక్కన వేలు ఆనించి నొక్కింది. ఆ వేరే కాలనీ ఆమెకు ఆ సైగ ఏం తెలుసు? తన రాజును అట్లాగే వదిలేసి, అక్క వైపు మంత్రిని కొట్టేసింది. అక్క రాజు వైపు వేలు చూపించింది. పెద్దమనిషి వచ్చి సంగతి కనుక్కొని, చెక్ అని చెప్పలేదు కాబట్టి అది చెక్ కాదన్నాడు. అక్క ఏదో అన్నది, పెదవులు కదలడం కనిపించింది గాని మాట ఎవరికీ వినపడలేదు. "ఏందమ్మా, జర గట్టిగ చెప్పు" అని ఆయన రెండుసార్లు అడిగాడు, పాపం కోపంగా కూడా కాదు. అక్క తల వంచుకుంది. మంత్రి పోయింది, ఆట పోయింది.

ఇంటికి నడుస్తూ బాపు అన్నాడు, "ఒక్క మాట నోరు తెరిచి అంటె అయిపోవు గదా బిడ్డా." ఇల్లు దగ్గర పడ్డాక అక్క అన్నది, "నోట్లెకెల్లి రాలే బాపూ. నువ్వు పండుకున్నట్టే అనిపిచ్చింది."

ఆమె నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నది. కానీ ఆ మాట బాపును కోసేసింది. ఆనాటి నుంచి రాత్రి షిఫ్టు వారమంతా ఆయన పగలు ఇంట్లో పడుకోవడం మానేశాడు. అన్నం తిని, దుప్పటి చంకన పెట్టుకొని ఎక్కడికో పోయేవాడు, ఒకనాడు మా చిన్నాన్న వాళ్ళ వరండాలో, ఒకనాడు ఏదో షెడ్డు నీడన. అవ్వ ఎంత బతిమాలినా వినలేదు. "పోరగాండ్లు లొల్లి పెట్టుకోనీ" అనేవాడు. లొల్లి పెట్టడం మాకెక్కడ వచ్చు? ఖాళీ మంచం చూస్తూ మేము ఇంకా మెల్లగా మాట్లాడుకునేవాళ్ళం. అక్క ఆ పెట్టె మళ్ళీ తెరవలేదు, ఎండాకాలం రాగానే గోలేటికి కాపురానికి వెళ్ళిపోయింది. రిటైరయ్యేదాకా బాపు అలవాటు మాత్రం మారలేదు. సరైన నిద్ర లేక మనిషి ముందే ముసలివాడయ్యాడు.

ఇక ఉత్సవం సంగతి. రెండో నాడు లోపలి హాలులో అసలు పోటీ జరిగింది, మనవరాలు ఆడుతుంటే గోడ పక్కన కూర్చున్నాను. హాలు నిండా పిల్లలు, ఒక్క మాట వినపడలేదు. చెక్‌లు పడుతున్నాయి, ఎవరూ అనడం లేదు. ఆట అయ్యాక అక్కడ పర్యవేక్షణ చేస్తున్న చిన్న వయసు అమ్మాయిని బయట పట్టుకొని అడిగాను. "చెక్ అని చెప్పే పని లేదమ్మా, ఎదుటోళ్ళే చూసుకోవాలె. రాజును ఇడిసిపెట్టి వేరే ఎత్తు ఏస్తే అది చెల్లదు, ఎన్కకు తీసుకోవాలె" అన్నది. ఇది కొత్త రూలా అన్నాను. ఎప్పటి నుంచో ఇంతేనన్నది.

ఇంటికి వచ్చాక గోలేటికి ఫోన్ చేశాను. అక్కకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. వీధంతా వినేట్టు అరిచి అరిచి చెప్పాను, తప్పు నీది కాదు, నువ్వు గెలిచినట్టే లెక్క అని. ఒకటికి రెండుసార్లు చెప్పించుకొని అర్థం చేసుకుంది. "నేను కొత్తగూడెం పోకుంటె పోకపోతి చెల్లే," అన్నది చివరికి. "గీ ముచ్చట బాపుకు తెల్వకపాయె."

పండుగలు, ఫొటోలు, ఎన్ని వచ్చాయో చూశారు కదా, కాలం మారిందని మనమంతా అంటున్నాం, నేనూ అంటాను. ఆట మాత్రం అప్పుడూ ఇదే, దాని రూలూ ఇదే. ఆడపిల్ల కూర్చున్న బల్ల పక్కన ఆట తెలిసిన మనిషి ఒకరు నిలబడి ఉండడం, అదొక్కటే కొత్తగా వచ్చింది. ఆనాడు క్లబ్బులో అట్లాంటి మనిషి ఒక్కరు ఉండి ఉంటే, మా బాపు తన ఇంట్లో, తన మంచం మీద పడుకునేవాడు.