నిమిషం మాస్టారి ఆఖరి టూరు

హిస్టరీ మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు నిమిషం మాస్టారు. మొహం మీద ఎవరూ అనరు గానీ, ఆయన వరండాలో అడుగుపెట్టగానే ఏదో ఒక క్లాసులోంచి "నిమిషం వస్తోందిరోయ్" అని వినబడుతుంది. వినీ విననట్టు పోవడం ఆయనకు చేతకాదు. ఆగి, ఆ గదిలోకి తొంగిచూసి "ఎవరది?" అంటారు. ఎవరూ ఒప్పుకోరు. ఆ ఆరా తీయడంలోనే పాఠం చెప్పాల్సిన సమయం కాస్తా కరిగిపోతుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని విమానం ఎక్కించి, సముద్రం దాటించి, పాత యుద్ధంలో చనిపోయిన మన సైనికుల్ని పూడ్చిపెట్టిన చోటికి తీసుకెళ్ళడం ఆయన పని. అక్కడ వరసలు వరసలుగా తెల్లటి రాళ్ళు. ఒక్కో రాయి మీద ఒక పేరు, ఒక వయసు. వాటి ముందు పిల్లలంతా నిలబడి ఒక్క నిమిషం మౌనంగా ఉండాలి. ఆయన కోరేది అంతే. పదమూడు టూర్లు అయ్యాయి. ఆ నిమిషం ఒక్కసారి కూడా పూర్తిగా కుదరలేదు.

నమ్మబుద్ధి కాకపోతే డ్రిల్లు మాస్టారిని అడగండి. ఒక ఏడాది మౌనం మొదలవడానికి ఈల వేసింది ఆయనే. అలవాటు ఎక్కడికి పోతుంది, ముప్పై సెకన్లకి హాఫ్ టైం ఈల కూడా వేశారు. పిల్లలు హమ్మయ్య అని గడ్డి మీద చతికిలబడ్డారు. ఇంకో ఏడాది ప్రిన్సిపాలే వీడియో కాల్ చేసి "ఏదీ, మౌనం ఎలా జరుగుతోందో చూపించండి" అన్నారు. మరో ఏడాది పొద్దున తిన్న టిఫిను బస్సులో కడుపులోనే ఉంచుకుని, సరిగ్గా ఆ నిమిషంలోనే కక్కాడు ఒకడు. గైడు ఫోన్లో డప్పుల పాట మోగిన ఏడు సంగతి మాస్టారి దగ్గర ఎత్తకపోవడమే మంచిది.

మొదటి టూరులో జరిగింది మాత్రం ఆయన భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అప్పుడాయన ఈ పనికి కొత్త. పిల్లల్ని నిలబెట్టి మౌనం అనగానే వెనక ఎవడో నవ్వాడు. అది అంటుకుని వరసంతా పాకింది. పక్క వరసలో ఒక తెలుగు పెద్దావిడ మడత కుర్చీ వేసుకుని ఒక రాయికి ఎదురుగా కూర్చుని ఉంది. నవ్వులు తగ్గుతాయేమోనని కాసేపు చూసింది. తర్వాత కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని లేచింది. మాస్టారు పరుగున వెళ్ళి క్షమించమన్నారు.

"ఫర్వాలేదు బాబూ. ఏడాదికి ఒక్కరోజు వస్తాను మా అన్నయ్య దగ్గరికి. మళ్ళీ ఏడు వస్తాలే," అందావిడ.

మళ్ళీ ఏడు అదే తేదీకి మాస్టారు వెళ్ళారు. ఆవిడ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆవిడ దగ్గర మనం లాక్కున్న నిమిషం అది, ఒక్కసారైనా తిరిగి ఇవ్వకపోతే ఎలా అన్నది ఆయన పట్టు.

భార్యకి ఈ పట్టు అర్థమయ్యేది, కానీ ఓపిక పోయింది. "నిమిషం మౌనం కోసం అంత దూరం ఎందుకండీ? ఇలా వచ్చి కూర్చోండి. గంటసేపు నోరు విప్పకుండా నేనుంటాను," అనేది.

"నీ వల్ల కాదు."

"మీ వల్ల అవుతుందా?" అనేది ఆవిడ. ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు.

ఈసారి టూరుకి నెల ముందు ప్రిన్సిపాలు గదికి పిలిచారు. "మాస్టారూ, పేరెంట్సు ఒకటే గోల. అంత దూరం తీసుకెళ్ళి పిల్లలకి సమాధులు చూపించడమేంటి అంటున్నారు. ఈ ఒక్కసారికీ కానిచ్చేయండి. వచ్చే ఏడు నుంచి సైన్సు పార్కు. డైనోసార్లు ఉన్నాయట."

"డైనోసార్లు కూడా చచ్చినవేగా సర్!" అన్నారు మాస్టారు, ఒళ్ళు మండి.

"అవి కదులుతాయట మాస్టారూ," అన్నారు ప్రిన్సిపాలు.

ఇక మాస్టారి రిహార్సల్సు మొదలయ్యాయి. రోజూ చివరి పీరియడ్లో క్లాసుని నిలబెట్టి, తన కీ ఇచ్చే పాత వాచీ చూసుకుంటూ మౌనం అనేవారు. పన్నెండో సెకనుకి ఎవరి కడుపో గుర్రుమనేది. క్లాసు గొల్లుమనేది. అందరికంటే ముందు మొదలుపెట్టేది కిసుక్కు. ఆ పిల్లాడి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు.

"ఏంట్రా నీకంత నవ్వు?"

"తెలీదు సర్. అందరూ సీరియస్‌గా ఉంటే వచ్చేస్తుంది సర్."

మాస్టారు నెత్తి పట్టుకుని కుర్చీలో కూలబడితే క్లాసు లీడరమ్మాయి లేచింది. "సర్, అక్కడ మేం చూసుకుంటాం సర్."

"నువ్వేం చూసుకుంటావమ్మా? ముందు నీ నోరు చూసుకో, చాలు," అన్నారాయన. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంది. లెక్కల టీచరు ఇంటికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఇదంతా విన్నది. పాపం, డ్రిల్లు మాస్టారితో పాటు ఆవిడా టూరుకి వస్తోంది.

టూరు టూరులాగే నడిచింది. పిల్లల ముప్పై ఎనిమిది పాస్‌పోర్టులూ సంచీలో వేసి నడుముకి కట్టుకుని మాస్టారు పడుకున్నారు, ఆ సంచీతోనే లేచారు. ఎయిర్‌పోర్టులో ఒకడు బెల్టు తీసి ట్రేలో వదిలేసి, ప్యాంటు పట్టుకుని ఊరు దాటాడు. హోటల్ లిఫ్టులో ఎవడో అన్ని మీటలూ నొక్కేశాడు. లెక్కపెట్టి బస్సెక్కిస్తే ముప్పై తొమ్మిది మంది తేలారు. లెక్కల టీచరు మళ్ళీ లెక్కపెట్టి, ఆ ముప్పై తొమ్మిదో తల డ్రైవరుదని చెప్పింది. మాస్టారి ప్రాణం విసిగిపోయింది.

మూడో రోజు పొద్దున సమాధుల చోటికి చేరారు. ఈసారి ఆయన దేన్నీ నమ్మదలచుకోలేదు. బస్సులోనే దిండు గలీబు పట్టుకుని సీటు సీటుకీ తిరిగి ముప్పై ఎనిమిది ఫోన్లు లెక్కపెట్టి మరీ వేయించుకున్నారు. డ్రిల్లు మాస్టారి మెళ్ళోంచి ఈల తీసి తన జేబులో పెట్టుకున్నారు. గైడు చేత ఎదురుగానే ఫోను ఆపించారు. గడ్డి కోసే మిషను నడుపుతున్న తోటవాడి దగ్గరికెళ్ళి, చేతులు జోడించి, వేలు చూపించి, ఒక్క నిమిషం ఆపమని సైగలతో బతిమాలారు. అతను ఆపాడు.

"ఇరవై నిమిషాలే మాస్టారూ. ఇంకో స్కూలు వస్తోంది," అన్నాడు గైడు.

పిల్లల్ని మూడు వరసల్లో నిలబెట్టారు. కిసుక్కుని తన కళ్ళెదుటే ఉండేలా ముందు వరసలోకి మార్చారు. "మొదలు," అన్నారు.

పది సెకన్లు. ఇరవై. కిసుక్కు భుజాలు అదరడం మొదలైంది. అయిపోయింది, మన రాత ఇంతే అనుకున్నారు. కానీ వాడు స్వెట్టరు చెయ్యి నోట్లో కుక్కుకుని, కళ్ళు మూసుకుని, కన్నీళ్ళు కారుతున్నా కిక్కురుమనలేదు. ముప్పై. ముప్పై ఐదు. పదమూడేళ్ళలో ఇంత దూరం రాలేదు. ఆయనకి ఊపిరి తీసుకోవడానికి కూడా భయమేసింది. వాచీ మీంచి చూపు ఎత్తి పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు.

రెండో వరస చివర లీడరమ్మాయి తల వంచుకుని ఉంది. దోసిలిలో వెలుగు కనబడింది. ఫోను.

ముప్పై ఎనిమిదీ లెక్కపెట్టి తీసుకున్నాను కదా! ఎంత జాగ్రత్తపడినా, ఎన్ని దండాలు పెట్టినా, చివరికి ఇదా! ఇన్నేళ్ళ ఉక్రోషమూ ఒక్కసారిగా గొంతులోకి ఎగదన్నింది.

"ఏయ్! ఎవరిచ్చారే నీకా ఫోను? సిగ్గు లేదూ? ఒక్క నిమిషం... ఒక్క నిమిషం ఉండలేరూ మీరు?"

ఆ అరుపుకి తోటవాడు అక్కడినుంచి తలెత్తి చూశాడు. పిల్లలు మాత్రం కదల్లేదు. ఒక్కరూ తల తిప్పలేదు. కిసుక్కు నోట్లోంచి స్వెట్టరు చెయ్యి తియ్యలేదు. డ్రిల్లు మాస్టారు సైతం నేలచూపులు చూస్తూ అలాగే నిలబడ్డారు. లీడరమ్మాయి పెదాలు బిగించి, ఫోను మెల్లగా ఆయనవైపు తిప్పింది.

పసుప్పచ్చ కవరు. లెక్కల టీచరు ఫోను. దాని మీద పెద్ద పెద్ద అంకెలు పరిగెడుతున్నాయి. నలభై తొమ్మిది. యాభై. యాభై ఒకటి.

 ఈసారి మధ్యలో నోరు తెరిచింది మాస్టారు ఒక్కరే. మిగిలిన ఆ కొన్ని సెకన్లూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరి మొహమూ చూడలేక, ఎదురుగా ఉన్న రాయి మీది వయసు చూస్తూ నిలబడ్డారు. పందొమ్మిది అని ఉంది.

అరవై దగ్గర అమ్మాయి ఫోను నొక్కి అంకెలు ఆపింది. అప్పుడు నోరు విప్పింది.

"నిమిషం నిండింది సర్. మీకు చూపిద్దామని టీచర్ని అడిగి తీసుకున్నాను."  "ఇప్పుడు తిట్టండి సర్."

 తోటవాడు మిషను మళ్ళీ నడపడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర రెండో స్కూలు పిల్లలు అప్పటికే బస్సు దిగుతున్నారు.