పలకరాళ్ల కింద గిటార్

2022 వేసవి. మార్కాపురం బస్టాండు వెనక నా దుకాణంలో హార్మోనియంలు, గిటార్లు బాగుచేస్తున్నాను. రాచర్ల నుంచి లక్ష్మీదేవి అనే అమ్మాయి తన గిటార్ తెచ్చింది. గొర్రెలు మేపే ఇంటి పిల్ల. సోమవారం గిద్దలూరులో ఒక స్కూల్లో మ్యూజిక్ టీచర్ ఉద్యోగానికి వాయించి చూపించాలి.

“తీగలు మార్చన్నా, చాలు.”

టాప్ మీద, అంటే గిటార్ ముందుచెక్క మీద, తిన్నని అంచున్న పలకరాయిని నిలబెట్టి చూశాను. తీగలను పట్టి ఉంచే బ్రిడ్జ్ వెనక చెక్క కొంచెం ఉబ్బి ఉంది.

“దీనికి పొట్ట వచ్చిందమ్మా. అణచకపోతే పాడైపోతాది.”

“కొన్నప్పటి నుంచి అట్లనే ఉందన్నా. బాగానే పలుకుతాది.”

“రిపేరు నాకు నేర్పుతావా?” అని కసురుకున్నాను. ఆమె శనివారం వస్తానని గిటార్ వదిలి వెళ్లింది.

ఆమె చెప్పిందే సరి. తీగల లాగుడుకు అంత ఉబ్బు మామూలే. బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం దూరితే, టాప్ మీద తడితే లోపల ఏదో అదిరితే, తీగలు నెలనెలా పైకి లేస్తుంటే అప్పుడు భయపడాలి. అవేవీ చూడలేదు. తీగలు విప్పి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించి, పైన మూడు పలకరాళ్లు పేర్చి రెండు రోజులు వదిలేశాను. మా నాయన హార్మోనియం చెక్కలను అలాగే చదును చేసేవాడు. గిటార్ టాప్ ఎంత పల్చనో, దాని లోపల బలానికి అంటించే బ్రేస్ బద్దలు ఎంత సన్ననివో ఆలోచించలేదు.

శనివారం ఆమె ఎదుటే కొత్త తీగలు బిగిస్తుంటే లోపల పటుక్కుమంది. ఇక ఏ తీగ మీటినా జరజరమనే మోతే.

“ఏందన్నా ఇది?”

“పాతదైపోయిందమ్మా గిటారు.”

ఆమె తీగలు వదులు చేసి, లోపలికి చెయ్యి పెట్టి విరిగిన బద్ద తీసింది.

“విరిగిన చోట ఎంత తెల్లగా ఉందో చూడు. ఇప్పుడు విరిగిందిది. గొర్రె కాలు చూసి దెబ్బ పాతదో కొత్తదో చెప్పేదాన్ని, నాకు కట్టె తెలీదా? నేనడిగినానా నిన్ను పొట్ట అణచమని?”

గోడకు నావి రెండు మంచి గిటార్లు వేలాడుతున్నాయి. వాటి వంక కూడా చూడకుండా, “మెల్లగా మాట్లాడు, నలుగురూ వింటారు” అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

రెండు నెలలకు రాచర్ల వెళ్లి, ఆరోజు ఆమె తీసుకుపోయిన గిటార్ ఇస్తే బాగుచేస్తానన్నాను.

“ఉద్యోగం వేరేవాళ్లకు పోయిందిలే. తప్పు నాదని నువ్వు ఆరోజే అనుంటే, గోడకున్న గిటారు అడిగి తీసుకపోయేదాన్ని. అబద్ధం చెప్పినోని కాడ చెయ్యి చాపుతానా?”

గిటార్ ఇవ్వలేదు.

ఇప్పుడు టాప్ ఉబ్బిన గిటార్ వస్తే ముందు కాగితం ముక్క దూర్చి చూస్తాను. లోపల అద్దం పెట్టి బద్దలు చూస్తాను. “ఎప్పటి నుంచి ఇట్ల ఉంది?” అని అడిగి, చెప్పింది వింటాను. చెడగొడితే, నేనే చెడగొట్టానని అక్కడే అంటాను. ఆ ఒక్క మాట నా నోటికి రావడానికి ఆ అమ్మాయి ఉద్యోగం పోవాల్సి వచ్చింది.