దొరగారి తాత, అమ్మ వడియాలు

మా రాయపురం ఇంట్లో పైవాటాలో ఉండే ఆంగ్లో ఇండియన్ దొర, మిద్దె మీద అమ్మ ఎండబెట్టిన వడియాల మీద బకెట్ నీళ్ళు గుమ్మరించాడు. ఐరిష్ రక్తానికి ఇంగువ వాసన పడదట. పగ తీర్చుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను. అవకాశాన్ని ఆయనే మెట్లు దిగి తెచ్చిచ్చాడు.

ఇంగ్లండు వెళ్ళిపోవాలంటే తాత అప్పట్లో ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న ఐర్లండులో పుట్టినట్టు రుజువు కావాలి. ఆ తాతది ఏ ఊరో మనవడికి తెలియదు. పాత ఇంగ్లీషు చేతిరాత చదవగలిగింది మా వీధిలో నేనొక్కణ్ణే, అందుకని నన్ను వెతికిపెట్టమన్నాడు. చర్చిలో పెళ్ళిళ్ళ రిజిస్టరు తిరగేస్తే రెండో రోజే తాత దొరికాడు, సొంతూరి పేరుతో సహా. “ఏమీ లేదు సార్” అని నెల రోజులు చెప్పాను. ఆయన ముఖం వాడేకొద్దీ నాకు ఆకలి పెరిగింది.

ఈ ఘనకార్యం అమ్మకు చెబితే నెత్తిన ఒకటి మొట్టింది.

“లూసా నువ్వు, పిచ్చెక్కిందా? కాయితం దొరక్కపోతే ఆ మనిషి ఈడే కదరా ఉంటాడు!”

మర్నాడే తాత మళ్ళీ దొరికాడు. ఆ ఊరి చర్చికీ, అక్కడి సర్కారు ఆఫీసుకీ ఉత్తరాలు రాస్తే బాప్తిస్మం నకలూ, తాత అన్నదమ్ములున్న జనాభా లెక్కల పేజీ కూడా వచ్చాయి. దొర నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు.

ఆయన టాక్సీ మలుపు తిరగకముందే అమ్మ మిద్దె నిండా వడియాలు పెట్టింది. ఇంగువ రెట్టింపు వేసింది.