జానెడు ఎత్తున పచ్చదీపం

ఫిబ్రవరి 11, మంగళవారం, ఉదయం 10 గంటల 17 నిమిషాలు. నాలుగంతస్తుల భవనంలో మూడో అంతస్తు, ఎడమవైపు ఇంటి వంటగది. గ్యాసు పైపు అతుకు మీద కుంచెతో సబ్బునీళ్లు రాసి, బుడగ లేస్తుందేమోనని అతడు అరనిమిషం చూశాడు. లేవలేదు. రెండో అతుకు దగ్గరికి జరిగాడు.

అతణ్ణి అందరూ సబ్బునీళ్ల మావయ్య అంటారు. వయసు యాభై రెండు. చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట కుంచె ఉంటుంది. ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్లినా మంచినీళ్లు తాగేలోపే పొయ్యి వెనక్కి తొంగిచూసి వస్తాడని ఇంట్లోవాళ్ల ఎగతాళి. వాసన చూస్తే తెలియదా అని అడిగినవారికి ఎప్పుడూ ఒకటే జవాబు: ముక్కుకు అలవాటవుతుంది, బుడగకు అలవాటవదు. పదహారేళ్లు సిలిండర్లు బిగించాడు. నాలుగేళ్లుగా ఇంటింటికీ తిరిగి పైపు గ్యాసు తనిఖీ చేస్తున్నాడు.

ఇంటి యజమానురాలు ఉద్యోగ విరమణ చేసిన పంతులమ్మ. కుర్చీ వేసుకుని అతడి పనిని పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూస్తోంది.

"పెద్దమ్మా, ఈ పై కిటికీకి అట్ట ఎందుకు అతికించారు?"

"దుమ్ము బాబూ. అయినా గ్యాసు నేలమీదే కదా పాకేది? కింద తలుపు తీసే ఉంచుతున్నాగా."

"అది సిలిండరు గ్యాసండీ. గాలికన్నా బరువు, నేలబారున ఉంటుంది. ఈ పైపు గ్యాసు గాలికన్నా తేలిక. లీకైతే ముందు కప్పు కిందే చేరుతుంది. పై కిటికీ తెరిచే ఉండాలి. అలారం కూడా పైనే, కప్పుకి జానెడు దూరంలో ఉండాలి."

"మరి నాది అక్కడుందేం?" అంటూ ఆమె చేతికర్ర చాచింది.

గుమ్మం పక్కన, నేలకు జానెడు ఎత్తున, తెల్లని చిన్న పెట్టె. దాని మీద పచ్చదీపం నిలకడగా వెలుగుతోంది.

"ఎవడండీ దీన్ని అక్కడ బిగించింది? బుద్ధుందా వాడికి?"

ఆమె కళ్లజోడు సవరించుకుంది. "నువ్వే నాయనా. అయిదేళ్ల కిందట, సిలిండరు రోజుల్లో. ఆ సీసా, ఆ కుంచె నాకు గుర్తులేవనుకున్నావా? 'మళ్లీ నేనొచ్చేదాకా దీన్నెవరూ ముట్టుకోకూడదు' అన్నావు. ముట్టుకోలేదు."

అలారంలో లోపం లేదు. అది రెండు రకాల గ్యాసునూ పసిగట్టే రకం. బిగించిన రోజున దాని చోటు కూడా సరైనదే. తర్వాత ఇంట్లోకి వచ్చే గ్యాసు మారింది, అలారం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. తనిఖీ కాగితంలో 'అలారం పనిచేస్తోందా' అనే గడి ఉంది. 'ఎక్కడ ఉంది' అనే గడి లేదు. ఏ ఇంట్లోనైనా పచ్చదీపం కనబడితే చాలు, నాలుగేళ్లుగా అతడు టిక్కు పెడుతూ వచ్చాడు. శిక్షణలో నేర్చుకున్న ఎత్తును నోరు అప్పజెప్పేది, కన్ను అటు వెళ్లేది కాదు.

అప్పుడు అతడికి కూతురి వంటగది గుర్తొచ్చింది. సిలిండరు రోజుల్లో అక్కడా అలారాన్ని నేలకు జానెడు ఎత్తున తనే బిగించాడు.

ఆమె నర్సు. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి, పదకొండు వరకు నిద్రపోతుంది. రెండు నెలల కిందట ఆ ఇంటికి పైపు గ్యాసు వచ్చింది. నిన్న సాయంత్రం ఫోనులో అన్న మాటలు ఇప్పుడు వేరేగా వినిపించాయి: "వంటింట్లో మొదట ఏదో వాసనొచ్చింది నాన్నా, కాసేపటికి పోయింది. అలారం పచ్చగానే ఉందిలే. నువ్వు పెట్టిందేగా!"

సరే, ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. వాసన పోయిందంటే గ్యాసు పోయినట్టు కాదని ఊరందరికీ చెప్పేవాడు, కూతురికి చెప్పలేదు.

అట్ట చించి కిటికీ తెరిచాడు. "పెద్దమ్మా, సాయంత్రం లోపు వచ్చి దాన్ని పైకి మారుస్తాను. అందాకా కిటికీ మూయకండి."

"మాట తప్పితే గోడకుర్చీ వేయిస్తాను," అందామె. అతడు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

10 గంటల 34 నిమిషాలకు ఫోను చేశాడు. స్విచ్చాఫ్. అల్లుడు ఉద్యోగానికి వెళ్లి ఉంటాడు. స్కూటరు మీద దారిపొడుగునా ఒకే ఆలోచన: లేవగానే ఆమె చేసే మొదటి పని టీ పెట్టుకోవడం. రెండో సిగ్నలు దగ్గర మళ్లీ ఫోను తీశాడు, నొక్కకుండానే జేబులో పెట్టేశాడు. ఆ గదుల్లో ఇప్పుడు ఏదీ మోగకపోవడమే మేలు, చిన్న నిప్పురవ్వ చాలు.

10 గంటల 52 నిమిషాలకు మెట్ల పక్కనున్న వాల్వు పిడిని పైపుకు అడ్డంగా తిప్పాడు. సరఫరా ఆగింది. లోపల ఇప్పటికే చేరినది మాత్రం అలాగే ఉంటుంది. కాలింగ్ బెల్లు మీదికి వెళ్లిన వేలు దానికి అరంగుళం దూరంలో ఆగింది. పిడికిలితో తలుపు బాదాడు.

"తలుపు విరగ్గొడతావా నాన్నా? బెల్లు లేదూ?" కూతురు కళ్లు నులుముకుంటూ తలుపు తీసింది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి లైటు స్విచ్చు మీదికి వెళ్లింది.

అతడు మణికట్టు పట్టేసుకున్నాడు. "వేయకు. ఏదీ వేయకు, ఏదీ ఆర్పకు. పొయ్యి వెలిగించావా?"

"ఇప్పుడేగా లేచాను! ఏమైంది?"

"కిందికి నడు."

"నైటీలోనా?"

"నైటీలోనే!"

తలుపు బార్లా తెరిచి ఉంచి, ఆమెను వీధి అవతలికి తీసుకెళ్లి, అక్కడి నుంచి గ్యాసు కంపెనీ అత్యవసర నంబరుకు ఫోను చేశాడు. పదిహేను నిమిషాల్లో ఇద్దరు వచ్చారు. గ్యాసు కొలిచే, నిప్పురవ్వ పుట్టని మీటరుతో అతడూ వాళ్ల వెంట లోపలికి వెళ్లాడు. గాలిలో ఈ గ్యాసు నూటికి అయిదు పాళ్లయితే మంట అంటుకోగలదు. ఆ అయిదు పాళ్లనే మీటరు వందగా చూపుతుంది. వంటగది గుమ్మంలో మోకాలి ఎత్తున పెడితే 0. ముఖం ఎత్తున 9. చెయ్యి పైకి చాపితే 38. కింద, గోడ మీద, పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

కిటికీలు తెరిచి, మీటరు అన్ని ఎత్తుల్లోనూ 0 చూపేదాకా ఆగి, వాల్వు కొద్దిగా తెరిచి అతుకులు పరీక్షించారు. ఈమధ్య కూతురు పొయ్యి జరిపి తుడిచినప్పుడు వెనక గొట్టం క్లిప్పు సడలినట్టుంది. కుంచె తగలగానే శనగగింజంత బుడగ లేచింది. క్లిప్పు మార్చారు. అలారాన్ని అతడే ఊడదీసి, కప్పుకు జానెడు దూరంలో బిగించాడు.

కూతురు తలెత్తి ఆ పచ్చదీపం వైపే చూస్తూ అడిగింది.

"ఇలా కింద ఇంకా ఎన్ని ఇళ్లల్లో పెట్టావు నాన్నా?"

అతడు పంతులమ్మ ఇంటికి వెళ్లి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. అక్కడి నుంచి ఆఫీసుకు వెళ్లి, పై అధికారికి జరిగింది జరిగినట్టు చెప్పి, పాత పని కాగితాలు అడిగాడు. తన చేత్తో నేలకు జానెడు ఎత్తున అలారం బిగించి, ఆ తర్వాత పైపు గ్యాసుకు మారిన ఇళ్లను ఒక్కొక్కటిగా రాశాడు. సాయంత్రం 6 గంటల 5 నిమిషాలకు జాబితా పూర్తయింది.

143.